రహస్యం విన్నవారే రోస్టర్ కూడా రాస్తే: ఒక సంఘం కేస్ స్టడీ

ఈ సంఘం పాస్టర్ గారు, పెద్దలు, ఇందులో కనిపించే ఇద్దరు విశ్వాసులు సరేనన్న తర్వాతే ఇది రాస్తున్నాను. ఊరు, డినామినేషన్ చెప్పను, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. నేను చాలా ఏళ్లు సంఘ కాపరిగా ఉండి, ఇప్పుడు వేరే సంఘాల పాస్టర్లతో, పెద్దలతో కూర్చుని పరిచర్య ఎక్కడ చిక్కుపడిందో చూస్తుంటాను. ఈ కేసులో నేను రెండుసార్లు తప్పుగా ఆలోచించాను. ఆ రెండు తప్పులూ మంచి మనసుతోనే చాలా సంఘాల్లో జరుగుతున్నాయి, అందుకే దీన్ని పూర్తిగా రాయాలనిపించింది.

నేపథ్యం

సుమారు 180 మంది విశ్వాసులున్న సంఘం. ఒక పాస్టర్, నలుగురు పెద్దలు, ఒక కమిటీ. పాస్టర్ గారు అక్కడికి వచ్చి 11 ఏళ్లు. ఆయన వచ్చినప్పుడు 40 మందే ఉండేవారు. అందరి ఇళ్లకూ ఆయనే వెళ్లేవారు, కానుకలు ఆయనే లెక్కపెట్టేవారు, ఆరాధనకు ముందు కుర్చీలు వేసేదీ ఆయనే. అది ఎవరికీ తప్పనిపించలేదు, ఎందుకంటే 40 మంది ఉన్నచోట అదంతా ఒక ఇంటి పనిలా సాగిపోతుంది. తర్వాత సంఘం పెరిగింది, పద్ధతి మాత్రం అదే ఉండిపోయింది. పెద్దలు నలుగురూ భక్తిపరులే, కష్టపడేవాళ్లే. ఒక్కొక్కరు ఒక బైబిల్ స్టడీ గ్రూపు నడిపేవారు, ఆ నలుగురే కమిటీలో కూర్చుని పరిచర్యల్లో ఎవరెవరు ఉండాలి, సహాయ నిధి ఎవరికివ్వాలి అనేవి కూడా తేల్చేవారు.

వచ్చిన సమస్య

పాస్టర్ గారు నాకు ఫోన్ చేసి అడిగింది చిన్న సాయం. "టైమ్ సరిపోవట్లేదు బ్రదర్, నా వారాన్ని ఎలా సర్దుకోవాలో చెప్పండి" అన్నారు. గొంతులో అలసట తెలుస్తూనే ఉంది.

నాలుగు వారాల పాటు ఏ గంట దేనికి పోయిందో రాసుకోమన్నాను. సగటున వారానికి 51 గంటలు పని. ప్రసంగం తయారీకి 11 గంటలు. విశ్వాసుల ఇళ్లకు వెళ్లడం, ఒక్కరితో కూర్చుని మాట్లాడటం, ప్రార్థించడం, శిష్యత్వ పాఠాలు అన్నీ కలిపి 4 గంటలు. మిగతాదంతా భవనం పనులు, రోస్టర్లు (ఏ పరిచర్యలో ఎవరి వంతు ఎప్పుడో రాసే పట్టికలు), లెక్కలు, మీటింగులు, ఫోన్లు. ఆ కాగితం చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడు తనను పిలిచిన పనికి వారంలో 4 గంటలే మిగలడం ఆయన తట్టుకోలేకపోయారు.

దానితో పాటు ఇంకొకటి కూడా చేశాను. 23 మంది విశ్వాసులతో విడివిడిగా మాట్లాడి, ఒకే ప్రశ్న అడిగాను: గత ఆరు నెలల్లో మీకు నిజంగా కష్టమో, పాపంతో పోరాటమో వచ్చినప్పుడు సంఘంలో ఎవరికి చెప్పారు? పాస్టర్ గారి పేరు చెప్పినవాళ్లు ముగ్గురు, ఒక పెద్ద పేరు చెప్పింది ఒక్కరు. మిగతా 19 మంది ఎవరికీ చెప్పలేదన్నారు. ఆ జవాబులో అసలు రోగం నా చేతికి వచ్చింది, కానీ అప్పుడు నేను దాన్ని పాస్టర్ గారి టైమ్ లేమికి ఫలితంగానే చూశాను. ఆయన రాలేదు కాబట్టి వీళ్లు చెప్పలేదు, వస్తే చెబుతారు అనుకున్నాను.

మొదటి ప్రయత్నం: క్యాలెండర్ విడదీయడం

నా లెక్క సూటిగానే ఉంది. నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రజల తగవులు తీరుస్తూ కూర్చుంటే, మామ యిత్రో చూసి ఇలా అయితే నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని, వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతుల్ని పెట్టమంటాడు. సమస్య భారమే అయితే మందు భారం పంచడమే కదా. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కిడర్‌మిన్‌స్టర్‌లో రిచర్డ్ బాక్స్‌టర్ అనే కాపరి, ఆయన సహాయకుడు వారంలో సోమ, మంగళవారాలు పూర్తిగా కుటుంబాలకే కేటాయించి, వారానికి 15, 16 కుటుంబాల చొప్పున, 800కు పైగా కుటుంబాలున్న ఆ పరిధిని ఏడాదిలో చుట్టివచ్చేలా పనిచేశారు. అది పాస్టర్ గారికి చెప్పాను, ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఆఫీసు పనికి పార్ట్‌టైమ్‌గా ఒక సోదరిని పెట్టారు, సోమ, మంగళ పాలన పనులకు, బుధ, గురు, శుక్రవారాలు మనుషులకు అని గీత గీశాం.

మూడు నెలల్లో ఆ 4 గంటలు 13 అయ్యాయి. కాగితం మీద గెలిచినట్టే. కానీ పాస్టర్ గారు నాతో, "వెళ్తున్నాను బ్రదర్, అందరూ ప్రేమగానే కూర్చోబెడుతున్నారు, పిల్లల చదువులు, ఆరోగ్యాలు అన్నీ చెబుతున్నారు, లోపలిది మాత్రం ఎవ్వరూ చెప్పట్లేదు" అన్నారు. ఒక పెద్దావిడ అయితే ఆయన ముఖం మీదే అడిగేసింది: "అయ్యగారూ, మీరొస్తే సంతోషమే. కానీ మా ఇంటికి మీరొస్తున్నారా, ఆఫీసొస్తోందా అన్నదే తెలియట్లేదు."

ఆ మాటతో నేను మళ్లీ విశ్వాసుల దగ్గరికి వెళ్లాను. ఈసారి ఇంకో ప్రశ్న అడిగాను: చెబితే ఏమవుతుందని భయం? అప్పుడు బయటికి వచ్చింది. ఆరాధనలో వాయిద్యం వాయించే ఒక తమ్ముడు, మానేసిన తాగుడు మళ్లీ మొదలైందని పాస్టర్ గారితో ఒంటరిగా చెప్పుకున్నాడు. పాస్టర్ గారు ఏడ్చి ప్రార్థన చేశారు, ఎవరికీ చెప్పలేదు, మాట నిలబెట్టుకున్నారు. కానీ రెండు వారాల తర్వాత వచ్చిన రోస్టర్‌లో ఆ తమ్ముడి పేరు లేదు. పాస్టర్ గారి ఉద్దేశం అతనికి విశ్రాంతి ఇవ్వాలని. అతనికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. సంఘంలో ఎవరో "ఏమైంది?" అన్నారు, ఇంకెవరో ఊహించారు, నెలలోపు అందరికీ తెలిసిపోయింది. ఇది నాకు స్వయంగా ఆ తమ్ముడే చెప్పాడు. కోపంగా చెప్పలేదు. "ఆయన ఎవరితోనూ ఒక్క మాట అనలేదన్నా, రోస్టరే చెప్పేసింది" అన్నాడు.

రెండోది ఒక విధవరాలి సంగతి. ఇంటి అద్దెకు సహాయ నిధి అడిగింది. మంజూరు చేసే కమిటీలో కూర్చునేది తన బైబిల్ స్టడీ నడిపే పెద్దే. డబ్బు వచ్చింది, మర్యాదగానే ఇచ్చారు. ఆ తర్వాత ఆమె స్టడీకి రావడం మానేసింది. తన బ్యాంకు బాకీలన్నీ తెలిసిన మనిషి ముందు కూర్చుని విశ్వాసం గురించి నోరు విప్పలేకపోయానని చెప్పింది.

అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. ఇక్కడ కొరత గంటలది కాదు. హృదయం విప్పి చెప్పేది ఎవరికో, మన స్థానం, మన అవసరం, మన పేరు తేల్చేదీ వాళ్లే అయినప్పుడు, ఆ మనిషి ఎంత మంచివాడైనా జనం జాగ్రత్తగా మాట్లాడతారు. అందులో పాస్టర్ గారి దోషం కన్నా ఆయన కూర్చున్న రెండు కుర్చీల దోషమే ఎక్కువ.

రెండో ప్రయత్నం: గోడ కట్టడం

ఇక్కడ నేను రెండో చివరికి పరుగెత్తాను. రెండు కుర్చీలే సమస్య అయితే ఒక కుర్చీ తీసేద్దాం అనుకున్నాను. అపొస్తలులు తాము ప్రార్థనకీ వాక్యానికీ ఉండి, విధవరాళ్లకు రోజూ పంచే పనిని ఏడుగురికి అప్పగించిన అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూపించి, పాస్టర్ గారిని పాలన నుంచి పూర్తిగా బయటికి తెచ్చాం. కోశాధికారి మంచి సమర్థుడు, ఉద్యోగరీత్యా లెక్కల్లో ఆరితేరినవాడు. కమిటీ మొత్తం ఆయన చేతిలో పెట్టాం. పాస్టర్ గారు మీటింగులకే రారు, ఆయనకు మినిట్స్ కూడా పంపరు.

నాలుగు నెలలు గడవకముందే మూడు దెబ్బలు తగిలాయి. బిడ్డతో వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్న దంపతులకు, సండే స్కూల్ డ్యూటీకి మూడుసార్లు రాలేదు, కారణం తెలపగలరు అని మెసేజ్ వెళ్లింది. పాస్టర్ గారు ఆ ఆసుపత్రికి రోజూ వెళ్తున్నారు, కమిటీకి మాత్రం ఆ సంగతే తెలియదు. సహాయ నిధికి ఒక ఫారం వచ్చింది, అందులో ఆదాయం, అప్పులు, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆ ఫారం వచ్చాక అడగడానికి ఒక్కరూ రాలేదు, కమిటీ దాన్ని అవసరాలు తగ్గాయి అని రాసుకుంది. మూడోది నన్ను చాలా బాధపెట్టింది. బుధవారం రాత్రి కూడికకు ఏడుగురే వస్తున్నారు, కరెంటుకీ మనుషులకీ ఖర్చు అని దాన్ని ఆపేశారు. ఆ ఏడుగురూ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, ఆదివారం రాలేనివాళ్లు. వాళ్లకు సంఘం అంటే ఆ బుధవారమే. ఖర్చు పుస్తకంలో అది ఒక వరుస మాత్రమే కాబట్టి కమిటీ తన పని తాను నిజాయితీగా చేసింది.

తప్పు నాది. ఆ 6వ అధ్యాయాన్ని నేను సగమే చదివాను. తెలుగు బైబిల్లో విధవరాళ్లకు రోజూ పంచేదాన్నీ పరిచర్య అనే అన్నారు, వాక్యం చెప్పేదాన్నీ వాక్యపరిచర్య అనే అన్నారు. గ్రీకులోనూ రెండు చోట్లా ఒకటే మాట, దియాకొనియా. అక్కడ ఆత్మీయం ఒకవైపు, లౌకికం ఒకవైపు అన్న విభజనే లేదు. బల్లల దగ్గర సేవకు ఎన్నుకున్న ఏడుగురికి పెట్టిన అర్హత లెక్కలు రావడం కాదు, ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండి మంచిపేరు ఉండాలన్నారు. ఫిర్యాదు గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ల తరఫున వచ్చింది, ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే నలిగినవాళ్ల బాధ తెలిసినవాళ్ల చేతికే ఆ పని వెళ్లిందని నేను అర్థం చేసుకుంటాను. మేము చేసింది దానికి వ్యతిరేకం. జాలి అవసరమైన పనిని జాలి చూపే వీలు లేని చోటికి తోసేశాం.

నిలబడిన పద్ధతి

మూడోసారి పనుల్ని విడదీయడం మానేసి నిర్ణయాల్ని విడదీశాం. రెండు సాయంత్రాలు పాస్టర్ గారు, పెద్దలు, కోశాధికారి, ఆ విధవరాలు, ఇంకో ఇద్దరు సోదరీలు కూర్చుని, ఈ సంఘంలో ఏడాదిలో ఎవరో ఒకరు తేల్చాల్సినవన్నీ ఒక్కొక్కటిగా చీటీల మీద రాశాం. 43 వచ్చాయి. ప్రతి చీటీ ఎత్తి ఒకే ప్రశ్న: ఈ నిర్ణయం తీసుకునేవారికి ఒక విశ్వాసి లోపలి పరిస్థితి తెలియడం అవసరమా, అనవసరమా, ప్రమాదమా?

అనవసరం అన్నవి తేలికే: భవనం, బిల్లులు, బీమా, సౌండ్ సిస్టమ్, కుర్చీలు. అవన్నీ కమిటీకి వెళ్లాయి, పాస్టర్ గారు వాటిని తిరిగి చూడరు. అవసరం అన్నవి, అంటే కూడికలు పెట్టడం ఆపడం, బోధించేవాళ్లను నియమించడం, సంఘ క్రమశిక్షణ, ఇవి కమిటీ ఒంటరిగా తేల్చకూడదు, పాస్టర్ గారి మాట వినాలి. బుధవారం కూడిక ఆ వారమే మళ్లీ మొదలైంది.

ప్రమాదం అన్న గుట్ట దగ్గరే రెండో సాయంత్రమంతా గడిచింది. ఎవరెంత కానుక ఇస్తున్నారో పాస్టర్ గారికి తెలియాలా? ఒక పెద్ద గట్టిగా వాదించారు, ధనం ఎక్కడుంటే హృదయం అక్కడుంటుందని ప్రభువే అన్నాడు కదా, కాపరికి గొర్రెల హృదయం తెలియొద్దా అని. ఆ వాదనను నేను తేలిగ్గా తీసుకోను, దాన్ని నమ్మి శుద్ధమైన మనసుతో నడిచే కాపరులు నాకు తెలుసు. కానీ ఈ సంఘంలో నమ్మకం అప్పటికే విరిగి ఉంది. ఎక్కువ ఇచ్చేవాళ్ల ఇంటికి పాస్టర్ గారు వెళ్తే ఒక మాట, తక్కువ ఇచ్చేవాళ్ల ఇంటికి వెళ్లకపోతే ఇంకో మాట. అందుకే పేర్లు ఆయనకు చేరవు, మొత్తం మాత్రమే చేరుతుంది అని తేల్చాం. లెక్కపెట్టేది ఎప్పుడూ ఇద్దరు, ఒకే కుటుంబానికి చెందినవాళ్లు కాకూడదు.

అదే పెద్ద ఇంకో మంచి ప్రశ్న వేశారు. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ మనుషులు మందిరం అప్పు తీర్చడానికి వారానికో పెన్నీ చొప్పున ఇంటింటికీ వెళ్లి వసూలు చేయబోయి, అలా వెళ్లినప్పుడే ఎవరెలా బతుకుతున్నారో తెలిసింది, అందులోంచే 12 మంది చొప్పున క్లాసులు అనే చిన్న గుంపులు పుట్టాయి, మరి డబ్బు పనీ ఆత్మల పనీ కలిసే పెరిగాయి కదా అని. నిజమే, నేను ఒప్పుకున్నాను. కానీ తర్వాతి ఏడాది వాళ్లు రాసుకున్న నియమాల్లో, క్లాసు నాయకుడు వారంవారం జబ్బుపడినవాళ్ల సంగతి, దారితప్పినవాళ్ల సంగతి దైవసేవకుడికి చెప్పాలి, వసూలైన డబ్బు మాత్రం లెక్కలు చూసే స్టీవార్డులకు అప్పగించాలి అని ఉంది. ఒకే తలుపు తట్టినా రెండు చేతులకు వెళ్లింది. మేము కూడా పనిచేసే మనుషుల మధ్య గోడ తీసేశాం, తేల్చే చేతుల్ని మాత్రం వేరు చేశాం.

అక్కడి నుంచి మా ముఖ్యమైన నియమం వచ్చింది: ఒకరి హృదయం విన్నవారు వారి విషయంలో నిర్ణయానికి కూర్చోరు. ఎవరైనా పరిచర్య నుంచి కొంతకాలం తప్పుకోవాల్సి వస్తే, విన్నవారు ఆ మనిషితోనే మాట్లాడతారు, "నువ్వే వెళ్లి చెప్పు, నేను నీతో వస్తాను" అంటారు. ఆ మాటను అటు మోసుకెళ్లే హక్కు చెప్పుకున్న మనిషిదే. దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటిని మొదటి సంభాషణకు ముందే చెప్పేస్తారు: పిల్లలకు హాని జరుగుతున్నా, ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉన్నా, అది రహస్యంగా ఉండదు, అధికారులకు తెలియజేయాల్సినది తెలియజేస్తారు. దీన్ని ముందే చెబితే జనం నోరు విప్పరేమోనని పెద్దలకు టెన్షన్. జరిగింది వేరు, ఎక్కడ గీత ఉందో తెలిసినచోట మనుషులు ధైర్యంగానే మాట్లాడారు.

మొదటి నెలలోనే ఒక చిక్కు వచ్చింది. కమిటీలో ఒక పేరు రాగానే ఒక పెద్ద లేచి బయటికెళ్తే, ఆ మనిషి ఈయనకు ఏదో చెప్పుకున్నాడని మిగతావాళ్లకు అర్థమైపోతుంది. రోస్టర్ చెప్పినట్టే ఇప్పుడు ఖాళీ కుర్చీ చెబుతోంది. అందుకే, తన గ్రూపులో ఉన్న ఎవరి పేరు వచ్చినా, ఏమీ వినకపోయినా సరే, ఆ పెద్ద లేచి వెళ్లాలి అని మార్చాం. పాస్టర్ గారైతే పేర్లు తేల్చే భాగానికే రారు.

సహాయ నిధికి ఫారం పోయింది. అడిగినవారి గ్రూపుకు సంబంధం లేని ఇద్దరు ఇంటికెళ్లి మాట్లాడతారు. ఆ ఇద్దరిలో ఒకరిగా ఆ విధవరాలినే సంఘం ఎన్నుకుంది. అడగడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. కోశాధికారి కూడా తానే అడిగి ఆమెతో పాటు ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఆయన పుస్తకాల్లోని పద్దులు మునుపటిలా కనిపించట్లేదని చెప్పాడు.

శిష్యత్వం మాత్రం చిన్నగా మొదలైంది. పాస్టర్ గారు ముగ్గురితో కూర్చున్నారు, అనుభవమున్న ఇద్దరు సోదరీలు చెరో ముగ్గురు స్త్రీలతో. ఎవరి దగ్గర కూర్చోవాలో నేర్చుకునేవాళ్లే ఎంచుకున్నారు. అక్కడ ప్రకటనలు, రోస్టర్లు, కార్యక్రమాల మాట ఎత్తకూడదు. మార్కు సువార్తలో ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకున్నది మొదట తనతో ఉండటానికి, ఆ తర్వాతే పంపడానికి. మేము ఆ మొదటిదాన్ని దాటేసి, మనిషి దొరకగానే పని అప్పగించడానికి అలవాటుపడిపోయాం.

అందరికన్నా ఎక్కువ కష్టపడింది పాస్టర్ గారే. ఇది ముందే ఊహించి ఉండాల్సింది. నిర్ణయాలు చేతిలోంచి పోయాక ఆయనకు ఊరట వస్తుందనుకున్నాను, వచ్చింది మాత్రం దిగులు. ఒక రాత్రి ఫోన్లో చాలాసేపు మాట్లాడారు. రోస్టర్ రాస్తే సాయంత్రానికి పూర్తవుతుంది, గోడకు సున్నం వేయిస్తే కంటికి కనిపిస్తుంది, ఒక మనిషితో ఎనిమిది నెలలు కూర్చున్నా అతను మారాడో లేదో తెలియదు, ఈ రోజు నేనేం చేశానని నా భార్య అడిగితే చెప్పడానికి ఏమీ ఉండట్లేదు అన్నారు. నేను సలహా ఏమీ ఇవ్వలేదు, ఎఫెసు పెద్దలకు పౌలు చెప్పింది కలిసి చదివాం, మూడు సంవత్సరాలు రాత్రీ పగలూ కన్నీళ్లతో ఒక్కొక్కరికి బుద్ధి చెప్పానన్న చోటు. ఇన్నేళ్లు పాలన పనులే ఆయనకు ఒక ఆసరాగా ఉన్నాయి. వాటిని తీసేటప్పుడు ఆయన పక్కన ఎవరో ఒకరు ఉండాలన్నది మా ప్రణాళికలో లేదు. ఇప్పుడు ఏ సంఘంలో ఈ పని మొదలుపెట్టినా, పాస్టర్ గారికి పెద్దల గుంపుకు బయట, తన మీద ఏ నిర్ణయాధికారమూ లేని ఒక దైవసేవకుణ్ణి ముందే చూసి పెడతాను. కాపరికీ హృదయం విప్పే చోటు కావాలి, అది ఆయన జీతం తేల్చే కమిటీ కాకూడదు.

ఆ వాయిద్యం తమ్ముడి ఇంటికి పాస్టర్ గారు ఒక్కరే వెళ్లారు. "నీతో చెప్పకుండా నీ పేరు తీసేశాను, తప్పు చేశాను, క్షమించు" అన్నారు. అతను క్షమించాడు. వాయించడానికి మాత్రం ఇంకా తిరిగి రాలేదు, రావాలని ఎవరూ తొందరపెట్టలేదు కూడా. బుధవారం రాత్రి కూడికకు వస్తున్నాడు.

అన్నీ సర్దుకోలేదు. ఒక పెద్ద, నమ్మకం లేకనే ఇన్ని నియమాలు పెట్టారని బాధపడి బాధ్యత వదిలేశారు. ఆయన బాధ నిజమైనదే, దాన్ని నేను సరిగ్గా వినలేదేమో అనిపిస్తుంది. భవనం గురించి ఫోన్లు ఇప్పటికీ పాస్టర్ గారికే వస్తుంటాయి.

14 నెలల తర్వాత వెళ్లి, మొదట మాట్లాడిన 23 మందిలో అందుబాటులో ఉన్న 20 మందిని మళ్లీ అదే ప్రశ్న అడిగాను. 13 మంది ఎవరో ఒకరికి చెప్పుకున్నామన్నారు. పేర్లు చెప్పినవాళ్ల అనుమతితో, ఎవరు ఎవరికి చెప్పారన్నది లేకుండా, వినిపించిన పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాసి పాస్టర్ గారికి ఇచ్చాను. తొమ్మిది పేర్లున్నాయి. ఆయన పేరు ఉంది, కానీ అందరికన్నా ఎక్కువసార్లు వచ్చిన పేరు ఆయనది కాదని కూడా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ జాబితాలో రెండు పేర్ల మీద వేలు పెట్టి, "వీళ్లిద్దరూ నాతో కూర్చున్నవాళ్లే" అన్నారు.